మైకు ముందు కృష్ణుడు

‘శ్రీకృష్ణావతారం’ సినిమాను ఒక్కసారి బొమ్మ చూడకుండా వినండి. 1967లో కమలాకర కామేశ్వరరావు తీసిన సినిమా అది. కిరీటం, నెమలిపింఛం, ఎన్టీఆర్ చిరునవ్వు అన్నీ తొలగిపోయాక ఘంటసాల గొంతు మిగులుతుంది. కౌరవసభలో కృష్ణుడు నిలబడి సంధి మాటలు చెబుతుంటాడు. ఆ పద్యాలు అప్పటికే పాతవి. తిరుపతి వేంకట కవులు నాటకం కోసం రాసినవి. సినిమా విడుదలయ్యేనాటికి దివాకర్ల తిరుపతిశాస్త్రి కన్నుమూసి నలభై ఏడేళ్లు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి కూడా పోయి పదిహేడేళ్లు. ఈలోగా పాండవోద్యోగ విజయాల పద్యాలు ఊరూరా తిరిగాయి. అక్షరం రాని రైతు కూడా అరక దున్నుతూ వాటిని పాడుకున్నాడు.

ఇంతమంది నోళ్లలో నలిగిన పద్యాన్ని మళ్లీ ఎత్తుకుని, వినేవాడికి ఇప్పుడే పుట్టినట్టు అనిపించేలా పాడటం మామూలు పని కాదు. ఘంటసాల సినిమా పాటల గురించి ఎంతో రాశారు, రాస్తూనే ఉన్నారు. ఈ పాత పద్యాల దగ్గర ఆయన చేసిన పని అంతకంటే పెద్దదని నా నమ్మకం.

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్‌లో కూర్చుని ఈ మాట చెప్పడానికి కారణం ఉంది. పద్యనాటకం మా గడ్డ మీద పుట్టింది కాదు. ఇక్కడి చెవులు వేరే పాట మీద పెరిగాయి. తోటి, పర్ధాన్ పాటగాళ్లు కిక్రి వాద్యం తీగల మీద కమాను ఆడిస్తూ గోండుల పుట్టుక కథలు, పేన్‌ల (గోండు దేవతల) కథలు పాడతారు. ఆ కథల్లో వినేవాళ్లకు తెలియనిది ఏదీ ఉండదు. ముందు ఏం జరుగుతుందో ముసలివాళ్లకే కాదు, పిల్లలకూ తెలుసు. అయినా కూర్చుని వింటారు. ఈ రోజు ఇతను ఎలా పాడుతున్నాడు, ఏ మాట దగ్గర ఆగాడు, ఎక్కడ గొంతు తగ్గించాడు అన్నదే అక్కడి ముచ్చట. 1940లలో జైనూర్ దగ్గరి మార్లవాయిలో ఉండి పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆ గాథలను ఓపికగా రాసుకుని 1948లో ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ పుస్తకంలో అచ్చు వేయించాడు. కథ అచ్చులోకి వచ్చింది. గొంతు రాలేదు. పాతకథ విలువంతా పాడే తీరులోనే ఉంటుందని ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. ఆ చెవితోనే ఘంటసాల పద్యాన్ని విన్నాను.

మైకు లేని రోజుల్లో

నాటకపు పద్యం ఎందుకలా ఉండేదో తెలిస్తే ఘంటసాల ఏం చేశాడో తెలుస్తుంది. తొలినాళ్ల స్టేజీ మీద మైకు లేదు. పెట్రోమాక్స్ లైట్ల వెలుతురు, పక్కన హార్మోనియం, ఎదురుగా వేలమంది జనం. చివరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి కూడా కృష్ణుడు వినబడాలి. అందుకని శ్రుతి పెంచారు. మాట దూరం పోదు, రాగం పోతుంది. అందుకే పాదం చివర రాగం పొడవు పెరిగింది. జనం వన్స్ మోర్ అన్నారు, అది ఇంకా పెరిగింది. పడకసీనులో కృష్ణుడు ఒక్క పద్యానికి ఎంతసేపు రాగం తీస్తే అంత గొప్ప అన్న లెక్క వచ్చింది. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు లాంటి మహానటులు ఆ పద్ధతిలోనే తెల్లవార్లూ జనాన్ని కదలనివ్వలేదు. ఆ గొంతుల బలం ముందు ఎవరైనా తల వంచాల్సిందే. కాకపోతే పద్యంలో కవి చెప్పిన మాట మాత్రం రాగం వెనక్కి వెళ్లింది.

సముద్రాల అవతల కూడా ఇదే కాలంలో ఇదే జరిగింది. న్యూయార్క్ బ్రాడ్వే నాటకశాలల్లో గాయకులు చివరి వరస దాకా గొంతు విసిరేవాళ్లు. 1925లో కరెంటు మైకుతో రికార్డింగ్ మొదలయ్యాక కథ మారింది. బింగ్ క్రాస్బీ లాంటివాళ్లు చెవి దగ్గర మాట్లాడినట్టు పాడటం నేర్చారు. 1956లో నార్మన్ గ్రాంజ్ అనే నిర్మాత జాజ్ గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ చేత కోల్ పోర్టర్ పాటలు ముప్ఫై రెండు పాడించి రెండు రికార్డుల సెట్టుగా తెచ్చాడు. వాటిలో చాలా పాటలు 1930లనాటి నాటకాలవి, సినిమాలవి. అందరూ పాడి వదిలేసినవే. 1964 దాకా అలాంటివి ఎనిమిది ‘సాంగ్ బుక్’లు వచ్చాయి. ఒక్క గెర్ష్విన్ సోదరులవే యాభై మూడు పాటలు, ఐదు రికార్డులు. జాజ్ అంటే చెలరేగి స్వరకల్పన చేసే కళ. అందులో ఎల్లా ఎవరికీ తీసిపోని మనిషి. అయినా ఈ రికార్డుల్లో ఆమె ఆ విద్యను చాలావరకు దాచుకుని పాటను పాటగా నిలబెట్టింది. పాత నాటకం పాట శాశ్వతంగా నిలిచేది ఇలాంటి గాయని చేతిలో పడ్డప్పుడే.

ఘంటసాల దగ్గరా విద్య తక్కువేం కాదు. విజయనగరం సంగీత కళాశాలలో మధూకరం ఎత్తుకుని చదువుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర శిక్షణ పొందాడు. ఆ తర్వాత ఊళ్లో నాటకాల వేషాలూ కట్టాడు. కావాలంటే ఏ రాగాన్నైనా అరగంట సాగదీయగలడు. రికార్డింగ్ గదిలో మైకు ముందు నిలబడగానే చివరి వరస మనిషి లేడని ఆయనకు అర్థమైంది. వినేవాడు జానెడు దూరంలో ఉన్నాడు.

పాదం విరిగే చోట

జాజ్‌కీ పద్యానికీ ఒక పెద్ద తేడా ఉంది. జాజ్ గాయని కింద తాళం నడుస్తూ ఉంటుంది. ఆమె మాటను తాళం కంటే కాస్త ఆలస్యంగానో, ముందుగానో వేస్తుంది. అవసరమైతే మాటనే మార్చేస్తుంది. 1960లో బెర్లిన్ కచేరీలో ఎల్లా ఒక పాట మధ్యలో మాటలు మరిచిపోయి అక్కడికక్కడే కొత్తవి అల్లి పాడింది. ఆ రికార్డు లోకప్రసిద్ధం. పద్యంలో అది కుదరదు. గణం, యతి, ప్రాస మాటను కట్టేసి ఉంచుతాయి. ఒక్క అక్షరం జారినా సభలో పదిమంది పట్టుకుంటారు. అయితే పద్యానికి తాళం లేదు. కాలం మొత్తం గాయకుడి చేతిలోదే. ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి, ఏ అక్షరాన్ని దాటేయాలి అన్నదంతా ఆయన నిర్ణయమే. ఘంటసాల గొప్పతనం ఈ ఆగడంలో ఉంది.

‘జెండాపై కపిరాజు’ తీసుకోండి. శార్దూల విక్రీడితం, పాదానికి పంతొమ్మిది అక్షరాలు. పదమూడో అక్షరం దగ్గర యతి. మొదటి పాదంలో ఆ యతి అక్షరం ఒక సమాసం నడుమ పడుతుంది. మూడో పాదం చివర ఇంకా ఇబ్బంది. అర్జునుడు సేనల్ని తెగనరుకుతున్నప్పుడు నీ మొర వినడానికి ఒక్కడు కూడా ఉండడని కృష్ణుడు దుర్యోధనుడికి చెప్పే చోట, ఆ ‘ఒక్కడు కూడా’ అనే మాట మూడో పాదంలో మొదలై నాలుగో పాదంలో పూర్తవుతుంది. పాదం చివర ఆగి రాగం తీసే అలవాటున్న నటుడి నోట ఆ మాట రెండు ముక్కలవుతుంది. పద్యం గుండె అక్కడే ఉంది. ఘంటసాల దాన్ని విరగనివ్వడు. ఛందస్సు చెప్పిన చోట కాక అర్థం చెప్పిన చోట ఊపిరి తీసుకుంటాడు. రాగం ఉంది, నిండుగానే ఉంది. కానీ మాట పూర్తయ్యాకే వస్తుంది.

‘చెల్లియో చెల్లకో’ ఉత్పలమాల. అక్కడ గొంతే మారిపోతుంది. పాండవులు నీ తప్పులన్నీ ఓర్చుకున్నారు, నేను దూతగా వచ్చాను అని నచ్చజెప్పే పద్యం అది. ఊరి పెద్దమనిషి పంచాయతీలో మాట్లాడే తీరు. ఘంటసాల దాన్ని మెత్తగా ఎత్తుకుంటాడు. బెదిరింపు అడుగున ఎక్కడో ఉంటుంది. సంధి పొసగకపోతే ఏమవుతుందో విన్నవాడికి తెలిసిపోతుంది, కృష్ణుడు మాత్రం గొంతు పెంచడు. ఇక పడకసీనులోని ‘బావా ఎప్పుడు’ పద్యం. నిద్ర నటించి లేచిన కృష్ణుడు దుర్యోధనుణ్ని కుశలం అడుగుతాడు. భ్రాతలు, సుతులు, చుట్టాలు అందరి క్షేమమూ వరసగా అడిగే పద్యం కనుక పేర్ల జాబితాలా పాడేసే ప్రమాదం ఉంది. ఆయన ప్రతి పలకరింపులోనూ చనువు పెట్టి, ఆ చనువు కింద చిన్న వెటకారం పెట్టి పాడాడు. మూడూ ఒకే నాటక సంప్రదాయపు పద్యాలు, ఒకే కృష్ణుడు, ఒకే గొంతు. మనసులు మాత్రం మూడు.

ఈ పద్ధతి ఆయనకు సినిమాలో హఠాత్తుగా దొరికింది కాదు. అంతకుముందే కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘పుష్పవిలాపం’, ‘కుంతీకుమారి’ పద్యాలను ప్రైవేటు రికార్డులుగా పాడాడు. పాత రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలే. అంతలో పద్యాలు, మధ్యలో కలిపే వచనం, కన్నీళ్లు అన్నీ సరిపోవాలి. ఆ ఇరుకులోనే క్లుప్తత అలవడింది. ‘పుష్పవిలాపం’లో పద్యానికీ పద్యానికీ నడుమ ఆయన మామూలుగా మాట్లాడతాడు. మాట ఎప్పుడు పాటయిందో, పాట ఎప్పుడు మాటయిందో పట్టుకోలేం. పువ్వు తెంపబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నామని ఆ రికార్డు విన్నవాళ్లు ఇప్పటికీ చెబుతారు. కరుణశ్రీని పుస్తకం తెరవని ఇళ్లకు కూడా చేర్చింది ఆ గొంతే.

1974 ఫిబ్రవరి 11న ఘంటసాల పోయాడు. అప్పటికి వయసు యాభై ఒకటి. ఆ తర్వాత ఊళ్లలో కృష్ణుడి వేషం కట్టిన కుర్రవాళ్లు ఆ రికార్డులు విని పద్యం నేర్చుకున్నారు. స్టేజీ నుంచి మైకు దగ్గరికి వెళ్లిన పద్యం మైకు నుంచి మళ్లీ స్టేజీకి వచ్చింది. దీనివల్ల పాత రాగాలాపన తగ్గిందని బాధపడేవాళ్లు ఉన్నారు. వాళ్ల బాధలో నిజం ఉంది. రఘురామయ్య, పీసపాటి పద్యాలు దొరికినవి దొరికినట్టు వినాలి, పక్కపక్కన పెట్టి వినాలి. ఒకరిని తక్కువ చేయడానికి కాదు. అదే పద్యం ఎన్ని రకాలుగా బతకగలదో తెలియడానికి.

మా కిక్రి పాటకు ఆ భాగ్యం దక్కలేదు. ఘంటసాల పద్యంలా ఇంటింటికీ చేరిన రికార్డు తోటి పాటగాళ్లకు రాలేదు. కేస్లాపూర్ నాగోబా జాతరలో ఫోన్లు పట్టుకుని తీసిన ముక్కలు ఎన్నో ఉంటాయి, జనం గోలలో కిక్రి వినబడదు. కావలసింది ఒక నిశ్శబ్దమైన గది, గొంతుకు ఒకటి, తీగకు ఒకటి చొప్పున రెండు మంచి మైకులు, ఒక పేన్ కథ మొదటి నుంచి చివరి దాకా పాడటానికి కావలసినంత సమయం. ఆదిలాబాద్‌లో ఆకాశవాణి కేంద్రం ఉంది, ఉట్నూర్‌లో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఉంది. ఒకే కథను ఇద్దరు ముగ్గురు పాటగాళ్ల చేత విడివిడిగా పాడించి భద్రపరచాలి. పెద్ద పాటగాళ్లు ఓపికతో పాడగలిగే ఈ సంవత్సరాల్లోనే ఆ పని మొదలుకావాలి.