మనీప్లాంటూ, పాకే పిల్లలూ

ముందుగదిలో సీసాలో మనీప్లాంటు పెంచని ఇళ్ళు తక్కువ. కణుపు నీళ్ళలో మునిగేలా కొమ్మ పెట్టి, ఎండ సూటిగా తగలని వెలుతురులో ఉంచితే అదే వేళ్ళు వేస్తుంది. డబ్బు తెస్తుందా అంటారా, అది ఈ శీర్షికకు వేయవలసిన ప్రశ్న కాదు!

అయితే పాకే పిల్లలున్న ఇంట్లో ఆ తీగను చేతికందేలా వేలాడనీయకండి. ఇది కంద, చేమల కుటుంబంలోని మొక్క. పచ్చి కంద తరిగితే చేతులు దురదపెట్టడం మీకు తెలిసిందే కదా. అందులో ఉండే సూదుల్లాంటి కాల్షియం ఆక్జలేట్ స్ఫటికాలే దీని ఆకుల్లోనూ, కాడల్లోనూ ఉంటాయి. బిడ్డ ఆకు నమిలితే నోరు మండుతుంది, పెదవులు, నాలుక వాస్తాయి, చొంగ కారుతుంది. కంగారుపడి వాంతి చేయించకండి. నోట్లోని ముక్కలు తీసి, తడిగుడ్డతో తుడిచి, చల్లని పాలో నీళ్ళో కొద్దికొద్దిగా పట్టండి. సాధారణంగా ఇది ప్రాణాపాయం కాదు. కాని బిడ్డ మింగలేకపోయినా, ఊపిరికి ఇబ్బందిపడినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. రసం కంట్లో పడితే శుభ్రమైన నీటితో 15 నిమిషాలు కడగండి.

ఇక సీసా సంగతి. డెంగీ దోమకు ఇలాంటి నిలవనీరంటే ఇష్టం. దాని గుడ్లు సీసా లోపలి గోడకు అంటుకుని ఉంటాయి కనుక నీళ్ళు మార్చినంత మాత్రాన పోవు. వారానికోసారి బ్రష్షుతో రుద్ది కడిగి, కొత్త నీళ్ళు పోయండి.