పువ్వు చెప్పే చుట్టరికం

బెండకాయకీ గోంగూరకీ చుట్టరికం ఉందంటే నమ్ముతారా? ఒకటి జిగురు, ఒకటి పులుపు, పోలికెక్కడ అంటారు. కుండీలో మందారం ఉంటే దగ్గరగా చూడండి. అయిదు రేకులు, మధ్య సన్నని గొట్టం, దాని చుట్టూ పుప్పొడి తిత్తులు. బెండపువ్వూ, గోంగూర పువ్వూ, పత్తిపువ్వూ అదే అచ్చు. అందుకే శాస్త్రజ్ఞులు వీటిని ఒకే కుటుంబంలో చేర్చారు. ఆకును నమ్మితే మోసపోతాం. ఒక్క గోంగూర మొక్క మీదే రెండు మూడు రకాల ఆకులుంటాయి మరి!

స్వీడన్ దేశపు లిన్నేయస్ 1753లో అచ్చయిన గ్రంథంలో ప్రతి మొక్కకూ రెండు మాటల పేరు పెట్టాడు. మన తెలుగువాళ్ళలాగే ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. వంకాయ సొలానం మెలాంజినా, బంగాళాదుంప సొలానం ట్యూబరోసం. ఒకటి కొమ్మకి కాసేది, ఒకటి మట్టిలో ఊరేది, అయినా ఇంటిపేరు ఒకటే. రెండింటి పూలూ పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. మిరపకి ఇంటిపేరు వేరుగాని, గోత్రం ఇదే అనుకోండి.

ఈ గోత్రంలోనే ఉమ్మెత్త కూడా ఉంది. ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. ఖాళీస్థలాల్లో, రోడ్ల పక్కన తనంతట తనే మొలుస్తుంది. పొడుగాటి గరాటాలాంటి పువ్వు, తెలుపో ఊదాయో, గుండ్రటి ముళ్ళకాయ. మొక్కంతా విషమే. పువ్వూ కాయా ఉన్నప్పుడు ఎవరైనా గుర్తుపడతారు. చిక్కల్లా గింజలతోనే. ఎండినవి మిరపగింజల్లో కలిస్తే చప్పున తెలియవు. మిరపగింజ పల్చగా, లేత పసుపుగా, ఘాటుగా ఉంటుంది. ఉమ్మెత్త గింజ కాస్త మందం, గోధుమరంగు, మూత్రపిండం ఆకారం, ఘాటుండదు. ఇది కంటితోనే పోల్చుకోండి, నోట్లో వేసుకుని రుచి చూడొద్దు. విడిగా కొన్న ఎండు గింజల్ని పళ్ళెంలో పోసి చూడ్డానికి రెండు నిమిషాలు చాలు.

పిల్లలు ఆటల్లో దీని కాయ తింటే నోరెండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, పొంతనలేని మాటలు మాట్లాడతారు. దయ్యం పట్టిందని దిష్టి తీస్తూ కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పోతూ పోతూ కాయతో, పువ్వుతో ఉన్న కొమ్మొకటి విరిచి కవర్లో పెట్టుకుని డాక్టరుగారికి చూపించండి.