సొర పంటి కత్తి

పులి సొరకు పన్ను ఊడినా లోటు ఉండదు. వెనక వరుసలో తయారుగా ఉన్న మరో పన్ను ముందుకు జరిగి ఆ చోటు నింపుతుంది. ప్రతి పంటి అంచునా రంపానికున్నట్టు సన్నని గంట్లు ఉంటాయి. నూరే పని లేని అలుగు అది. దాన్ని పిడికి కదలకుండా బిగించడమే అసలు కష్టం. ఆ కష్టాన్ని రాతియుగపు మనిషి ఎలా దాటాడో సులవేసి దీవి చెబుతోంది.

ఇండోనేషియాలోని ఆ దీవి దక్షిణ భాగంలో, లియాంగ్ పనింగె, లియాంగ్ బులు సిపోంగ్ గుహల్లో ఒక్కొక్కటి చొప్పున సుమారు 7,000 ఏళ్ల నాటి పులి సొర పళ్ళు దొరికాయి. రెండూ దాదాపు రెండు మీటర్ల పొడవున్న సొరలవే. ఆ వివరాలు 2023లో 'ఆంటిక్విటీ' పత్రికలో వెలువడ్డాయి. ఒక పంటి మొదట్లో రెండు బెజ్జాలున్నాయి. రెండో పన్ను విరిగింది కనుక దానికి ఇప్పుడు ఒక బెజ్జమే కనిపిస్తోంది. మెడలో వేలాడదీయడానికైతే ఒక్క బెజ్జం సరిపోయేది. ఇక్కడ బెజ్జాల గుండా మొక్కల నారతో బిగించి కట్టారు, పైన జిగురు పట్టించారు. ఆ జిగురులో మొక్కల, జంతువుల, ఖనిజాల పదార్థాలు మూడూ కలిశాయి. ఏది ఎంత కలిపితే పట్టు నిలుస్తుందో తెలియనివారు చేయగల పని కాదది.

పరిశోధకులు అలాంటి కత్తులే తయారుచేసి పంది కాలి మీద ప్రయోగించారు. చర్మం మీద పొడవైన, లోతైన గాట్లు పడ్డాయి. అయితే పళ్ళు త్వరగానే మొద్దుబారాయి. అందుకే ఇది రోజూ మాంసం కోసుకునే కత్తి కాదనీ, పోరాటానికో ఏదైనా క్రతువుకో దాచుకున్నదనీ వారి అంచనా. నాకూ అదే సబబనిపిస్తుంది. ఇంత శ్రమపడి అమర్చిన అలుగును వంటపనిలో అరగదీసుకుంటారా?

పసిఫిక్ మధ్యలోని కిరిబాటి దీవుల్లో ఈ పనితనం 19వ శతాబ్దంలోనూ బతికే ఉంది. అక్కడివారు కర్రకు రెండు వైపులా పళ్ళు పేర్చి, ఒక్కో పంటికీ బెజ్జం వేసి, కొబ్బరి పీచు తాడుతో కట్టి కత్తులు, ఈటెలు చేసేవారు. ఆ దెబ్బ కాచుకోవడానికి కొబ్బరి పీచుతోనే కవచాలు అల్లుకునేవారు.

చికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో ఉన్న ఆ ఆయుధాల పళ్ళను పరిశీలించి 2013లో శాస్త్రవేత్తలు ఎనిమిది జాతుల సొరలను గుర్తించారు. వాటిలో రెండు జాతులు అక్కడి సముద్రంలో ఉన్నట్టు మరే రికార్డూ లేదు. ఆ రెంటిలో ఒకటైన డస్కీ సొర నేడు ప్రపంచవ్యాప్తంగానే అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో ఉంది.