ఓడ ఎక్కాలంటే ముందు ఆరోగ్యం కాగితాలు!

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకు ఒకప్పుడు నయాగరా చూపిస్తే చాలు, ఊరంతా చెప్పుకునేవారు. ఇప్పుడు ఆ వంతు ఓడలకొచ్చింది. "అలాస్కాట, ఏడు రాత్రులట, పడకా భోజనం అన్నీ ఓడలోనేనట, ఎలా బుక్ చెయ్యాలి?" అంటూ మా రాజమండ్రిలో తెలిసినవాళ్లు నన్ను అడుగుతుంటారు. తమాషా ఏమిటంటే నేను ఆ ఓడ ఎక్కనేలేదు. మా అత్తయ్యను ఎక్కించడం కోసం రెండున్నరేళ్లు కాగితాలు పట్టుకు తిరిగానంతే. టిక్కెట్టు కొనడం గంట పని. ఎవరికి ఏ టీకా ఉండాలి, ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలి, ఏ దేశం ఏ నెలలో ఏ రూలు మార్చింది అన్నది తెలుసుకోవడమే అసలు తతంగం.

మా మరిది సియాటిల్ దగ్గర ఉంటాడు. 2019 డిసెంబరులో మామయ్యగారికీ అత్తయ్యకూ తమతోపాటు అలాస్కా ఓడలో బుక్ చేశాడు. ప్రయాణం 2020 జూన్‌లో. మాస్టారుగా రిటైరైన మామయ్యగారు తమ ఇద్దరి డబ్బూ తానే ఇస్తానని పట్టుబట్టారు. "గోదావరి మీద లాంచీలో తిప్పాను, సముద్రం మీద కూడా నేనే తిప్పాలి కదా" అన్నారు. అత్తయ్య స్వెట్టర్ల కోసం హైదరాబాదులో ఉన్న ఆడపడుచుకు ఫోన్ల మీద ఫోన్లు.

రెండు నెలలు తిరక్కుండానే జపాన్‌లోని యోకోహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడ ఆగిపోయింది. అందులో 3,711 మంది ఉన్నారు. ఒక్కో గదిలో ఇద్దరేసి చొప్పున ఫిబ్రవరిలో రోజుల తరబడి తలుపులేసుకు కూర్చోవలసి వచ్చింది. చివరికి 700 మందికి పైగా కరోనా సోకింది. ఆ ఓడలో మనవాళ్లు 138 మంది, వారిలో 132 మంది వంటశాలల్లో, గదుల్లో, ఇతర పనుల్లో ఉన్న సిబ్బందే. టీవీలో ఆ ఓడ కనిపించినప్పుడల్లా అత్తయ్య ఛానెల్ మార్చేసేవారు. 2020 మార్చి 14న అమెరికాలోని సీడీసీ, అంటే వ్యాధుల నియంత్రణ సంస్థ, ఓడలు కదలకూడదని ఆదేశం ఇచ్చింది. కెనడా కూడా పెద్ద ఓడలకు తన రేవులు మూసేసింది.

ఇక్కడ కెనడా ఎందుకొచ్చిందని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. సియాటిల్ అమెరికాలోదే, అలాస్కా అమెరికాలోదే. కానీ 1886 నాటి ఒక అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ ఒక అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, మధ్యలో పరాయి దేశం తాకకుండా, మళ్లీ అమెరికా రేవులో దింపడానికి వీల్లేదు. పెద్ద విహార నౌకలు దాదాపు అన్నీ విదేశీ జెండాలవే. అందుకే సియాటిల్‌లో బయల్దేరిన ఓడ జూనో, స్కాగ్వే, కెచికన్ అన్నీ చూపించి, వెనక్కొచ్చేటప్పుడు కెనడాలోని విక్టోరియాలో ఓ సాయంత్రం కొన్ని గంటలు ఆగుతుంది. ఆ కాస్త సేపటి కోసం మన పాస్‌పోర్టు మీద కెనడా వీసా కూడా ఉండాలి. అమెరికా వీసా పదేళ్లది ఉన్నా సరే, ఇది వేరేగా తెచ్చుకోవలసిందే. టిక్కెట్టు అమ్మేవాళ్లు ఈ సంగతి పెద్దక్షరాలతో చెప్పరు. కాబట్టి డబ్బు కట్టేముందే మీవాళ్లను అడగండి: "దారిలో ఓడ ఏ దేశాల్లో ఆగుతుంది?"

ప్రయాణాలు రద్దయ్యాక చాలా కంపెనీలు రెండు దారులు చూపించాయి. కట్టిన డబ్బు వాపసు తీసుకోవడం ఒకటి. లేదా తర్వాతి ప్రయాణానికి 125 శాతం విలువైన క్రెడిట్. మావాళ్లు క్రెడిట్ తీసుకున్నారు. 2021 ఫిబ్రవరిలో కెనడా తన నిషేధాన్ని మరో ఏడాది పొడిగించింది. అలాస్కా వ్యాపారులు గగ్గోలు పెడితే, ఆ ఏడాది మాత్రం కెనడాలో ఆగకుండానే వెళ్లొచ్చని అమెరికా మే నెలలో ప్రత్యేకంగా ఓ చట్టం చేసింది. అయినా మాకేం లాభం? మన దేశం నుంచి వచ్చేవాళ్లను అమెరికా మే 4 నుంచి రానివ్వలేదు.

ఆ మే నెలలోనే మామయ్యగారు వెళ్లిపోయారు. రెండో డోసుకు ఇంకా వారం ఉందనగా.

కొన్ని నెలలు ఓడ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ ఏడాది చివర్లో కంపెనీ నుంచి మా మరిదికి ఉత్తరం వచ్చింది, క్రెడిట్ గడువు దగ్గర పడుతోందని. క్రెడిట్ ఎవరి పేరున ఉంటే వాళ్లే వాడుకోవాలట, ఇంకొకరికి మార్చరట. మావాడు ఫోన్ చేసి సంగతి చెబితే, "ఆ ప్రయాణికుడే స్వయంగా మాట్లాడాలి" అన్నారట అవతలి అమ్మాయి. తప్పు ఆ పిల్లది కాదు, ఆమె ముందున్న కాగితంలో అలా రాసుంది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల పత్రం నేను మునిసిపాలిటీకీ, తహసీల్దారు ఆఫీసుకీ తిరిగి తెచ్చి స్కాన్ చేయించి పంపాను. నాలుగు నెలలకు ఆ సొమ్ము అత్తయ్య పేరుకు మార్చారు. అందుకని చెబుతున్నాను. పెద్దవాళ్ల పేరున బుక్ చేసేటప్పుడు వాపసు వస్తుందా, క్రెడిట్టా, క్రెడిట్ అయితే గడువెంత, మనిషికి ఏమైనా అయితే ఎవరికి చెందుతుంది అని అడగడం అశుభం ఏమీ కాదు. బ్యాంకులో నామినీ రాయడం లేదూ!

అత్తయ్య వెళ్లనంటారనే అనుకున్నాం. మా శ్రీవారైతే ఆ డబ్బు వదిలేద్దామన్నారు కూడా. ఓ రోజు బియ్యం ఏరుతూ ఆవిడే అడిగారు, "ఆయన కట్టిన డబ్బు ఇంకా ఆ ఓడవాళ్ల దగ్గరే ఉందా అమ్మాయ్?" అని. ఉందన్నాను. "అయితే వెళ్తాను" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు.

ఇక నా పని మొదలు. అత్తయ్య వేయించుకున్నది కోవాగ్జిన్. హైదరాబాదులో తయారైన టీకా. 2021 నవంబరు 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించేదాకా అమెరికాకు అది లెక్కలోకి రాలేదు. నవంబరు 8న టీకాలు పూర్తయిన విదేశీయులకు అమెరికా తలుపులు తెరిచింది. అయిదు రోజుల తేడాతో గట్టెక్కామన్నమాట! "మన పక్కన తయారైన మందుకి వాళ్లెవరమ్మా సర్టిఫికెట్టు ఇవ్వడానికి?" అని అత్తయ్య ఆశ్చర్యపోయారు.

టీకా కాగితంలో మరో చిక్కు. ఆధార్‌లో అత్తయ్య ఇంటిపేరు ఒక్క అక్షరం. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. కోవిన్ సర్టిఫికెట్టు ఆధార్ చూసి రాసింది కనుక అందులోనూ ఒక్క అక్షరమే. మన తెలుగువాళ్లకు ఈ ఇంటిపేరు పేచీ ఎక్కడికెళ్లినా తప్పదు. కోవిన్‌లో పేరు సరిచేయించి, పాస్‌పోర్టు నంబరు జతచేసి, పూర్తి పుట్టిన తేదీతో విదేశీ ప్రయాణపు సర్టిఫికెట్టు తీసేసరికి పది రోజులు పట్టింది. టీకా కాగితం సంగతి అలా ఉంచి, ఈనాటికీ ఇన్సూరెన్సు, డాక్టరు చీటీ, టిక్కెట్టు అన్నింటిలోనూ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా వాదన మనమే పెట్టుకోవాలి, అదీ పరాయి భాషలో.

కెనడా వీసాకు 2022 ఫిబ్రవరిలో దరఖాస్తు చేసి, వేలిముద్రలకు హైదరాబాదు తీసుకెళ్లాను. వీసా పడ్డ పాస్‌పోర్టు మే నెలాఖరుకు చేతికొచ్చింది. నేను తోడు వెళ్దామంటే అమెరికా వీసా ఇంటర్వ్యూ తేదీలు ఏడాది దాటి ఉన్నాయి. అత్తయ్య ఒక్కరే, వీల్‌చెయిర్ సాయంతో, జూన్ మూడో వారంలో విమానం ఎక్కారు. విమానం ముందు కరోనా పరీక్ష తప్పనిసరి అన్న రూలును అమెరికా జూన్ 12న తీసేసింది. లేకపోతే బయల్దేరే ముందురోజు మళ్లీ ముక్కులో పుల్ల!

ఓడ ఆగస్టులో. జులై 18న సీడీసీ ఓడల మీద తన కోవిడ్ కార్యక్రమాన్నే ముగించింది. మా తోడికోడలు ఫోన్ చేసి, "అక్కా, ఇక పరీక్షలుండవు" అంది సంబరంగా. ఉన్నాయి! ఓడ విక్టోరియాలో ఆగుతుంది కనుక కెనడా రూలు వర్తిస్తుంది. పన్నెండేళ్లు దాటినవాళ్లకు టీకాలు, ఓడ ఎక్కేముందు పరీక్ష, అరైవ్‌కెన్ అనే యాప్‌లో వివరాలు. ఇవన్నీ 2022 అక్టోబరు 1న గానీ పోలేదు. ఒకే ఓడకు రెండు దేశాల రూళ్లు ఉన్నప్పుడు రెంటిలో గట్టిదే నడుస్తుంది. పిల్లాపెద్దా కలిపి అయిదుగురు. ఒక్కరికి పాజిటివ్ వచ్చినా అందరి ప్రయాణం తారుమారే. ఆ పరీక్ష రోజు ఇక్కడ నాకు అర్ధరాత్రి. ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకున్నాను, నిద్ర పట్టలేదు. అయిదుగురికీ నెగెటివ్ అని తెల్లవారుజామున మెసేజ్ వచ్చింది.

డబ్బు విషయంలో ఒక ముచ్చట చెప్పాలి. ఓడల్లో గది ధర మనిషికి ఇంత అని రాస్తారు గానీ, అది గదిలో ఇద్దరుంటారన్న లెక్క. ఒక్కరే ఉంటే చాలాసార్లు రెండో మనిషి చార్జీ కూడా దాదాపుగా కట్టించుకుంటారు. భర్త పోయిన ఆడవాళ్లకు ఈ రూలు ఎలా తగులుతుందో రాసినవాళ్లకు తట్టి ఉండదు. పద్నాలుగేళ్ల మనవరాలు నాన్నమ్మ గదిలో ఉంటానంది కాబట్టి ఆ బాధ తప్పింది. గది ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో, లిఫ్టుకు దగ్గరగా తీసుకున్నారు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు లిఫ్టు, కళ్లు తిరిగేవాళ్లకు మధ్యభాగం. అక్కడ ఊపు తక్కువ.

ఇన్సూరెన్సు దగ్గర మొహమాటం వద్దు. మన పెద్దవాళ్లకు షుగరు, బీపీ ఉన్నాయని చెప్పడానికి నామోషీ. చెప్పకపోతే క్లెయిము రాదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు చాలా పాలసీలు డబ్బివ్వవు. కొన్ని మాత్రం ఆ జబ్బు హఠాత్తుగా ముదిరితే ఇస్తాయి. ఆ వాక్యం చదివాకే కొనండి. ఓడలో డాక్టరు, నర్సు ఉంటారు గానీ ఉచితం కాదు. బిల్లు గది ఖాతాలో పడుతుంది, ముందు మనం కట్టి తర్వాత ఇన్సూరెన్సును అడగాలి. మనిషిని ఓడ మీంచి హెలికాప్టర్లో ఆసుపత్రికి తరలించవలసి వస్తే అయ్యే ఖర్చు లక్షల్లో ఉంటుంది, అది పాలసీలో ఉందో లేదో చూడాలి. మందులు చేతిసంచిలోనే పెట్టాలి. పెద్ద పెట్టెలు ఓడ ఎక్కాక గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. ప్రయాణం ఏడు రోజులైతే మందులు కనీసం రెండు వారాలకు సరిపడా, అసలు పట్టీలతోనే, డాక్టరు చీటీతో సహా పెట్టండి. చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించండి. మన బ్రాండు అక్కడి డాక్టరుకు తెలియదు.

కరోనా రూళ్లు ఇప్పుడు లేవు. అమెరికా 2023 మే 12 నుంచి విదేశీయులకు టీకా షరతు కూడా తీసేసింది. అలాగని ఆరోగ్యం కాగితాలు పోయాయనుకోకండి. ఓడ ఎక్కేముందు ఈమధ్య వాంతులు, విరేచనాలు, జ్వరం వచ్చాయా అని అడిగి సంతకం తీసుకుంటారు. ఇది నోరోవైరస్ భయం. ఒకరికి వస్తే బఫే గరిటెల మీదుగా ఓడంతా పాకుతుంది. దీనికి శానిటైజరు కంటే సబ్బూ నీళ్లే మేలు. గర్భిణులను 24 వారాలు నిండితే చాలా కంపెనీలు ఎక్కించుకోవు, అదీ బయల్దేరేనాటికి కాదు, ప్రయాణం ముగిసేనాటికి లెక్క. చంటిపిల్లలకు ఆరు నెలలు నిండాలి, దూర ప్రయాణాలకైతే కొన్నిచోట్ల ఏడాది. పనామా, కొలంబియా, బ్రెజిల్ తాకే ఓడ అయితే ఎల్లో ఫీవర్ టీకా చూసుకోవాలి. లేకుండా అక్కణ్నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. ఆ టీకా సర్టిఫికెట్టు వేయించుకున్న పదో రోజు నుంచే చెల్లుతుంది. 2016 నుంచి జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు. అరవై దాటినవాళ్లు మాత్రం డాక్టరును అడక్కుండా వేయించుకోకూడదు.

అత్తయ్యకు ఓడ మీద భోజనం పెద్దగా నచ్చలేదు. ఇంట్లో చేసిన పచ్చళ్లు లోపలికి రానివ్వలేదు, చాలా ఓడల్లో ఇంతే. శాకాహారం అని నెల ముందే రాసి పంపితే మూడోరోజు నుంచి ఎవరో నేపాలీ కుర్రాడు అన్నం, పప్పు తెచ్చి పెట్టేవాడట. మంచుకొండ ముక్క విరిగి నీళ్లలో పడే చప్పుడు మాత్రం బాగా గుర్తుంది ఆవిడకు. "పిడుగు పడ్డట్టు ఉందమ్మాయ్, ఆయనైతే జడుసుకునేవారు" అన్నారు, నవ్వుతూనే.

ఇప్పుడు మన విశాఖలోనూ 2023 సెప్టెంబరులో క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు. చెన్నై, పుదుచ్చేరి వైపు ఓడ వచ్చి వెళ్లిన సందర్భాలున్నాయి. మన తీరంలోనే కదా అని ధీమా వద్దు. 2022 జనవరిలో ముంబయి నుంచి గోవా వెళ్లిన ఓడలో దాదాపు 2,000 మందిని పరీక్షిస్తే 66 మందికి పాజిటివ్ వచ్చి, ఓడ మళ్లీ ముంబయికే తిరిగి రావలసి వచ్చింది. మా పక్కింటావిడ ఆర్నెల్ల గర్భంతో ఉన్న కూతుర్ని తీసుకుని విశాఖలో ఎక్కుదామని ఉత్సాహపడుతోంది. డబ్బు కట్టేముందు ఆ 24 వారాల సంగతి ఓడవాళ్లను కనుక్కోమన్నాను.