అమ్మీ ‘సరే’ అనాలంటే... ఆడపిల్లల క్యాంపుకు ముందు చూసుకోవాల్సినవి

సాయంత్రం ఐదు గంటలకు పెద్దమందడిలో గానీ, వనపర్తి జిల్లాలోని మరే ఊర్లో గానీ బడి గ్రౌండ్ వైపు వెళ్లి చూడండి. క్రికెట్ బ్యాటు పట్టుకున్న వాళ్లంతా మగపిల్లలే ఉంటారు. నాలుగో తరగతి, ఐదో తరగతి వరకు ఆడపిల్లలు కూడా వీధిలో తొక్కుడుబిళ్ళ, ఏడుపెంకులాట ఆడుతూ కనిపిస్తారు. ఏడో తరగతికి వచ్చేసరికి ఒక్కొక్కరే ఇంట్లోకి వెళ్లిపోతారు. అంట్లు తోమాలి, తమ్ముణ్ణి చూసుకోవాలి. పైగా ‘పెద్దదానివైతివి, ఇంకా ఆటలేంది?’ అనే మాట ఎలాగూ ఉంటుంది.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. ఐదేళ్ల నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలకు రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్లు కదిలే ఆటో, పనో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ సంస్థ పరిశోధకులు 2019లో ప్రచురించిన లెక్కల ప్రకారం బడి వయసు కౌమార పిల్లల్లో ఆ మాత్రం కదలిక లేనివారు ప్రపంచవ్యాప్తంగా అబ్బాయిల్లో 78 శాతం, అమ్మాయిల్లో 85 శాతం.

ఒక్క రోజు క్యాంపుతో ఈ లోటు తీరదు. కానీ ఆడపిల్ల బయటికి వెళ్లి, నవ్వుతూ ఆడుకుని, చెప్పిన టైముకు ఇంటికి రాగలదని ఇంట్లోవాళ్లకు ఒక్కసారి రుజువైతే రెండోసారి అడగడం తేలికవుతుంది. మొదటి క్యాంపు సరిగ్గా జరగకపోతే మాత్రం ఆ ఊర్లో ఇంకో క్యాంపు మాట ఎత్తడానికే ఏళ్లు పడుతుంది. అందుకే ఏ ఆటలు ఆడించాలన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు అమ్మీ అడిగే ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేసుకోవాలి.

గైడ్స్ నేర్పిన పాఠం

ఆడపిల్లల క్యాంపులు కొత్త సంగతేమీ కాదు. 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పావెల్ మగపిల్లలతో స్కౌట్ క్యాంపు పెట్టారు. రెండేళ్ల తర్వాత లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో స్కౌట్ల సభ జరిగితే, ఎవరూ పిలవకుండానే కొందరు అమ్మాయిలు వచ్చి ‘మేమూ స్కౌట్లమే’ అని నిలబడ్డారు. 1910లో గర్ల్ గైడ్స్ మొదలైంది. మరుసటి ఏడాదే, 1911లో మన దేశంలో జబల్‌పూర్‌లో తొలి గైడ్ దళం ఏర్పడింది. ఇప్పుడున్న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950లో ఏర్పడగా, 1951లో గైడ్స్ కూడా అందులో కలిశారు.

ఆ సంస్థలో పదేళ్లలోపు ఆడపిల్లలను ‘బుల్‌బుల్’ అంటారు. మన పిగిలిపిట్టకు ఉర్దూలో ఉన్న పేరే అది. పదేళ్లు దాటితే గైడ్స్. పిల్లలను ఆరుగురు, ఎనిమిది మంది చొప్పున చిన్న జట్లు చేసి, వాళ్లలో ఒకరికి నాయకత్వం ఇవ్వడం వాళ్ల పద్ధతి. క్యాంపు పెట్టాలనుకునే ఎవరైనా ముందు నేర్చుకోవాల్సింది ఈ చిన్న జట్టు సూత్రమే.

తెలంగాణకు ఇంకా దగ్గరి ఉదాహరణ మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాలలో వ్యవసాయ కూలీల ఇంట పుట్టిన ఈ అమ్మాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ భువనగిరి గుట్ట మీద రాళ్లు ఎక్కడం నేర్చుకుంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు ఇంకా పద్నాలుగేళ్లు నిండలేదు. అందరూ ఎవరెస్ట్ ఎక్కనక్కర్లేదు. అయితే ఆ ప్రయాణం కూడా ఎవరో పెద్దవాళ్లు పద్ధతిగా ఏర్పాటు చేసిన ఒక శిక్షణ క్యాంపుతోనే మొదలైంది.

తల్లుల మీటింగ్ ముందు

క్యాంపుకు కనీసం రెండు వారాల ముందు తల్లులను పిలవాలి. తండ్రి సంతకం కావాల్సిందే, కానీ అనుమానాలన్నీ బయటపడేది తల్లి నోటినుంచే. ‘ఎవరు తీస్కపోతున్నరు? మొగోళ్లు ఎవరెవరు ఉంటరు? బాత్రూం ఉందా? ఎప్పుడు తోలుకొస్తరు?’ ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులను ఒకే కాగితం మీద రాసి ఇవ్వాలి. తెలుగు చదవలేని ఇళ్లకు ఉర్దూలో కూడా రాయించాలి.

ఆ కాగితంలో వెళ్లే చోటు, బస్సు బయల్దేరే టైము, తిరిగి వచ్చే టైము, వెంట ఉండే ఆపాల, టీచర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉండాలి. ఇంట్లోవాళ్లు రాసివ్వాల్సిన వివరాలు వేరే ఉంటాయి. పాపకు ఆస్తమా, ఫిట్స్ లాంటివి ఉన్నాయా? ఏ తిండి పడదు? ఏ మందు వాడుతోంది? అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి? ఈ కాగితాల సెట్టు ఒకటి క్యాంపులో, ఇంకొకటి ఊర్లో ఒక బాధ్యత గల మనిషి దగ్గర ఉండాలి.

ఒకరిద్దరు తల్లులను క్యాంపుకు కూడా రమ్మనాలి. వాళ్లు వంట దగ్గర సాయం చేస్తారు, పిల్లలకు ధైర్యంగా ఉంటుంది. తర్వాత ఊర్లో క్యాంపు గురించి చెప్పేది కూడా వాళ్లే.

ఎప్పుడు, ఎక్కడ

పాలమూరు ఎండల సంగతి తెలిసిందే. ఏప్రిల్, మే నెలల్లో బయటి క్యాంపు పెట్టడం ప్రమాదం. దసరా దాటాక మొదలై ఫిబ్రవరి మొదటి వారాల వరకు ఉండే కాలం అన్నిటికంటే మంచిది. వానలు తగ్గి ఉంటాయి, నీడన చల్లగా ఉంటుంది, దసరా చివర సీతాఫలాలు కూడా దొరుకుతాయి. పరీక్షల తేదీలు, పండుగలు, రంజాన్ నెల చూసుకుని తేదీ పెట్టాలి.

మొదటి క్యాంపుకు రాత్రి బస వద్దు. పొద్దున ఎనిమిదికి వెళ్లి సాయంత్రం ఐదులోపు ఇంటికి చేరేలా ఉంటే చాలు. ప్రహరీ ఉన్న బడి ఆవరణ, తెలిసినవాళ్ల మామిడితోట లాంటివి సరిపోతాయి. ఒక మెట్టు పైకి వెళ్లాలనుకుంటే, ముందే అనుమతి తీసుకుని మోజర్ల ఉద్యాన కళాశాల లాంటి చోటికి వెళ్లవచ్చు. మొక్కలకు అంటు కట్టడం కళ్లారా చూస్తే పుస్తకంలో చదివిన పాఠం గుర్తుండిపోతుంది.

జిల్లాలోనే ఉన్న సరళాసాగర్ ఇంకో మంచి చోటు. వనపర్తి రాజా రామేశ్వరరావు తన తల్లి పేరున తలపెట్టిన ఈ ప్రాజెక్టుకు 1949లో పునాది పడింది, 1959లో పూర్తయింది. నీటిమట్టం నిండగానే ఎవరూ గేటు ఎత్తకుండా వాటంతట అవే నీళ్లు బయటికి దూకే సైఫన్ పద్ధతి దీని ప్రత్యేకత. వెళ్లే ముందు క్యాంపులో రెండు బకెట్లు, ఒక ప్లాస్టిక్ పైపుతో ఇదే ప్రయోగం చేయించవచ్చు. ఎత్తు మీద నిండు బకెట్, కింద ఖాళీ బకెట్ పెట్టి, పైపు నిండా నీళ్లు నింపి రెండు కొసలూ మూసి పట్టుకోవాలి. ఒక కొస పై బకెట్లో ముంచి, రెండోది కింది బకెట్లోకి వదిలితే నీళ్లు పైపు వంపు ఎక్కి మరీ కిందికి దూకుతాయి. ఆ తర్వాత ప్రాజెక్టు చూస్తే పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు. 2019 డిసెంబర్ 31న ఇదే ప్రాజెక్టు కట్టకు గండి పడిన సంగతి చెబితే నీటి బలం ఎంతో కూడా అర్థమవుతుంది.

ఒక్క షరతు మాత్రం ఉండాలి. చెరువు, కాలువ, ప్రాజెక్టు ఏదైనా సరే, దూరం నుంచి చూడటమే. ‘కాళ్లు తడుపుకుంటాం’ అన్నా ఒప్పుకోవద్దు.

బాత్రూం లేకపోతే క్యాంపు లేదు

చాలా క్యాంపులు విఫలమయ్యేది ఇక్కడే. మరుగుదొడ్డి సరిగా లేదని తెలిస్తే ఆడపిల్లలు పొద్దుటి నుంచి నీళ్లు తాగడమే మానేస్తారు. ఎండలో ఆడి, నీళ్లు తాగక, మధ్యాహ్నానికి తలనొప్పి, కళ్లు తిరగడం మొదలవుతాయి. అందుకే చోటు చూడటానికి వెళ్లినప్పుడే తలుపుకు గడియ ఉందా, లోపల నీళ్లు వస్తున్నాయా, మూత ఉన్న చెత్తబుట్ట పెట్టవచ్చా అని చూసుకోవాలి.

పదేళ్లు దాటిన పిల్లలున్న చోట ప్యాడ్లు, పాత పేపర్లు, ఒక జత బట్టలు ఉన్న సంచి తప్పనిసరి. అది ఏ ఆపా దగ్గర ఉందో పొద్దున్నే పిల్లలకు మెల్లగా చెప్పి ఉంచాలి. ‘ఈ రోజు నేను ఆడను’ అన్న అమ్మాయిని ఎందుకని నలుగురిలో అడగకూడదు. స్కోరు రాయడమో, టైము చూడటమో అప్పగిస్తే సరిపోతుంది.

లెక్క ఇలా వేసుకోవాలి

ఉదాహరణకు 24 మంది పిల్లలు అనుకుందాం. ఆరుగురు చొప్పున నాలుగు జట్లు. జట్లకు పాలపిట్ట, పిగిలిపిట్ట, తంగేడు, మోదుగ లాంటి పేర్లు పెట్టుకోమనాలి. జట్టుకు ఒక ఆపా, పైన మొత్తం చూసుకునే ఇద్దరు. అంటే పెద్దవాళ్లు ఆరుగురు. అంతా కలిసి 30 మంది.

తాగడానికి మనిషికి మూడు లీటర్ల చొప్పున 90 లీటర్లు కావాలి. 20 లీటర్ల క్యాన్లు ఐదు తెచ్చుకుంటే సరిపోతాయి. చేతులు కడగడానికి, వంటకు నీళ్లు వేరే. తిండి అందరూ ఒకే బంతిలో కూర్చుని తినేలా ఉండాలి. బగారా అన్నం, టమాట కూర, పెరుగు పెడితే ఏ ఇంటి పిల్లకూ ఇబ్బంది ఉండదు. పదకొండు గంటలకు మజ్జిగ, మూడున్నరకు పల్లీపట్టీ. వనపర్తి వైపు పల్లీలకు కొదవ లేదు.

బట్టలు ఇంట్లో వేసుకునేవే చాలు. దుపట్టా కొసలు నడుముకు ముడి వేసుకోవాలి, హిజాబ్ వేసుకునేవాళ్లకు గుండుసూదుల కంటే పిన్ను అవసరం లేని తొడుగు మేలు. చెప్పులకు బదులు బూట్లు ఉంటే మంచిది, లేని పిల్ల చిన్నబోకుండా చూడాలి. డబ్బులు ఇవ్వలేని ఇంటి విషయం కూడా అంతే. ఎవరు ఎంత ఇచ్చారన్నది పిల్లలకు తెలియకూడదు.

రోజంతా ఏం చేయాలి

ఎండ ముదరకముందే పరుగుల ఆటలు అయిపోవాలి. తొమ్మిది నుంచి పదకొండు వరకు ఖోఖో, కబడ్డీ, ఏడుపెంకులాట. పదకొండు నుంచి మూడు వరకు నీడలోనే ఉండాలి. సైఫన్ ప్రయోగం, ముడులు వేయడం, ఆకులు పోల్చి చెట్టు పేరు చెప్పడం, గచ్చకాయలు, అష్టాచెమ్మా ఈ సమయానికి బాగుంటాయి. మధ్యాహ్నం భోజనం, నమాజు చేసుకునేవాళ్లకు కొంత సమయం, కాస్త విశ్రాంతి. మూడు దాటాక తాడులాగుడు, గుర్తులు చూసుకుంటూ దాచిన వస్తువు వెతికే ఆట పెట్టవచ్చు.

గెలిచినవాళ్లకే బహుమతి అంటే బలంగా ఉన్న నలుగురైదుగురి చుట్టే రోజంతా తిరుగుతుంది. జట్టుకు మార్కులు ఇవ్వాలి. చెత్త ఏరినందుకు, వెనకబడిన పిల్ల కోసం ఆగినందుకు కూడా మార్కులు ఉండాలి.

ఒక పూట మాత్రం పిల్లల చేతికే వదిలేయాలి. ఏ ఆట ఆడాలో, ఎవరు ముందు వడ్డించాలో జట్టు నాయకురాళ్లే కూర్చుని తేల్చుకోవాలి. గొడవ పడినా పెద్దవాళ్లు వెంటనే దూరకూడదు. ఇంట్లో ఎవరూ అభిప్రాయం అడగని పిల్ల నలుగురి ముందు ‘ఇట్ల చేద్దాం’ అని నోరు విప్పేది అప్పుడే.

భద్రతలో మొహమాటం వద్దు

బస్సు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, ప్రతి గంటకు ఒకసారి తలలు లెక్కపెట్టాలి. ఎక్కడికి వెళ్లినా ఇద్దరిద్దరుగా వెళ్లాలి. ఎంత తెలిసినవాళ్లైనా సరే, ఏ పెద్ద మనిషీ ఒక్క పిల్లతో ఒంటరిగా గదిలో ఉండకూడదు. డ్రైవరు, వంటమనిషి ఎవరో ముందే తెలిసి ఉండాలి. ఎవరైనా ఇబ్బంది పెడితే ఏ ఆపాకు చెప్పాలో పిల్లలకు పొద్దున్నే చెప్పాలి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు అందరికీ నోటికి రావాలి.

ఫొటోలు ఈ కాలపు పెద్ద తలనొప్పి. ఒక్క ఆపా ఫోనులోనే ఫొటోలు తీయాలి. ఇంట్లోవాళ్లు రాసి ఒప్పుకోనిదే ఏ పిల్ల ఫొటో కూడా వాట్సాప్ గ్రూపుల్లోకి, స్టేటస్‌లోకి వెళ్లకూడదు. ఒక్క ఫొటో తప్పుడు చేతుల్లో పడితే ఆ పిల్ల బడి కూడా మానేయాల్సి రావచ్చు.

ప్రథమ చికిత్స డబ్బాలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంచాలి. అవి లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి ఇవ్వవచ్చు. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఉరుము వినిపిస్తే ఆట ఆపి పక్కా భవనంలోకి వెళ్లాలి. చెట్టు కింద నిలబడకూడదు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

తిరిగి వచ్చాక

ఐదింటికి తెస్తామని చెబితే ఐదింటికే తేవాలి. ఆలస్యమయ్యేలా ఉంటే దారిలోంచే ప్రతి ఇంటికీ ఫోన్ వెళ్లాలి. ప్రతి పిల్లనూ ఇంటివాళ్ల చేతికి అప్పజెప్పి పేరు ఎదురుగా టిక్కు పెట్టాకే ఆపాలు ఇళ్లకు వెళ్లాలి.

వారం తర్వాత తల్లులను, పిల్లలను మళ్లీ కూర్చోబెట్టాలి. ఏం బాగుంది, ఏం బాగాలేదు అని పిల్లలనే చెప్పమనాలి. ఆదివారం సాయంత్రం ఒక గంట బడి గ్రౌండ్ ఆడపిల్లలకు కేటాయించాలని హెడ్‌మాస్టర్‌ను, సర్పంచ్‌ను అడగడానికి అదే సరైన సమయం. ఏడాదికి ఒక్క క్యాంపు కంటే వారానికి ఒక గంట ఆట పిల్ల ఒంటికీ మనసుకూ ఎక్కువ మేలు చేస్తుంది. ఆ గంటకు పంపడానికి ఇంట్లోవాళ్లకు ధైర్యం ఇచ్చేది మాత్రం చెప్పిన టైముకు ఇల్లు చేరిన ఆ మొదటి క్యాంపే.