కొఱ్ఱమీను వేట – పంచాయతీలు గమనింపదగిన విషయము

విశాఖపట్టణమునకు త్రాగునీరొసగు రైవాడవంటి జలాశయములందును, మన గ్రామముల చెరువులందును, ఫాల్గుణమాసమున నీరు తగ్గగా కొఱ్ఱమీను ఒడ్డునగల నాచును చేరును. చిన్నచేపను ఎరగా గ్రుచ్చిన గాలమునకు అది సులువుగా తగులును. పైకి వచ్చి గాలి పీల్చు చేప యగుటచే తేమయున్నచో నీటి వెలుపలను కొంతసేపు బ్రతుకును. సజీవముగా అమ్మిన మంచి ధర పలుకును. ఈ వేటను వలదనరాదు.

వానకాలపు సంగతి వేరు. అప్పుడు ఎఱ్ఱని పిల్లల గుంపు నీటిపై తేలుచుండ, తల్లిదండ్రులు క్రిందనే కావలియుండును. ఎర సమీపింపగనే శత్రువని పైబడి గాలమున చిక్కును. కావలి పోయిన పిల్లలు ఇతర మత్స్యముల నోటబడును. అమెరికా జలాశయములందు వసంతమున గూడు కాచు మగ బాసు చేపకును ఇదే ముప్పు. ఒక్క చేపకై వందల పిల్లలను పోగొట్టుకొనుట ఎంత నష్టము! కావున చెరువు వేలపు షరతులలో, పిల్లలతోనున్న జంటను పట్టరాదని సభ్యులు తప్పక వ్రాయింపవలెను.