మందుకు లొంగని క్యాన్సర్: చుట్టూ ఉన్న కణాలు చేసే పని

సాయం కోసం వచ్చిన ఒక తండ్రి మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది. కొడుకుకు పెద్దపేగు క్యాన్సర్. మొదటి మూడు కీమోలకు గడ్డ బాగా తగ్గింది. తర్వాత అదే మందు ఎక్కిస్తున్నా మళ్లీ పెరిగింది. "మాస్టర్ సాబ్, మీరంతా ఇచ్చిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరేనా?" అన్నాడాయన. ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాం. దాతలకూ ఇదే సందేహం ఉండవచ్చు కనుక, చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

గడ్డ అంటే అంతా క్యాన్సర్ కణాలే అనుకుంటాం. నిజానికి అందులో రక్తనాళాలు, రోగనిరోధక కణాలు, ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలు కూడా ఉంటాయి. ఫైబ్రోబ్లాస్టులు మన ఒంట్లో తాపీ మేస్త్రీల వంటివి. గాయమైనప్పుడు కొల్లాజెన్ అనే నారలాంటి ప్రొటీన్ అల్లి దాన్ని పూడుస్తాయి. పని అయ్యాక ఊరుకుంటాయి. క్యాన్సర్ దగ్గర మాత్రం వాటి పని ముగియదు. గడ్డను 'మానని గాయం'గా పోల్చారు అమెరికా శాస్త్రవేత్త హెరాల్డ్ డ్వోరాక్, 1986లో.

ఈ మేస్త్రీలు అల్లిన కొల్లాజెన్ గట్టిపడి రక్తనాళాలను నొక్కేస్తుంది. మందు వచ్చేది రక్తంలోనే కదా, గడ్డ లోపలికి చాలినంత చేరదు. అంతటితో అయిపోదు. క్యాన్సర్ కణం బతికేందుకు కావలసిన రసాయన సందేశాలను కూడా ఇవి అందిస్తాయి. పరీక్ష హాల్లో పక్కబెంచీ నుంచి చీటీలు అందించే కుర్రాడిని మేము ముప్పై ఏళ్లుగా చూస్తున్నాం, ఇదీ అలాంటిదే. ఉదాహరణకు సెటుక్సిమాబ్ అనే మందు క్యాన్సర్ కణం పెరగడానికి వాడుకునే ఒక దారిని మూస్తుంది. ఫైబ్రోబ్లాస్టులు విడుదల చేసే హెచ్‌జీఎఫ్ అనే ప్రొటీన్ ఇంకో దారి తెరుస్తుంది. టీజీఎఫ్-బీటా అనే మరో ప్రొటీన్, గడ్డను చంపడానికి వచ్చే టీ-కణాలను బయటే ఆపేస్తుందని బార్సిలోనా శాస్త్రవేత్తలు 2018లో ఎలుకలలో చూపించారు.

క్యాన్సర్ కణంలోనే జన్యుమార్పులు వచ్చి మందు పనిచేయకపోవడమూ ఉంది. అయితే 2015లో పెద్దపేగు క్యాన్సర్‌ను నాలుగు రకాలుగా విభజించినప్పుడు, ఈ చుట్టుపక్కల కణజాలం ఎక్కువగా ఉన్న నాలుగో రకమే రోగులకు ఎక్కువ ప్రమాదకరమని తేలింది. దాదాపు 23 శాతం గడ్డలు ఆ రకానివే.

మరి ఫైబ్రోబ్లాస్టులనే చంపేస్తే? అంత తేలిక కాదు. క్లోమ క్యాన్సర్ ఉన్న ఎలుకలలో అలా చేసి చూస్తే జబ్బు మరింత ముదిరింది. వాటిలో కొన్ని గడ్డను అదుపు చేసేవీ ఉన్నాయన్నమాట. రక్తనాళాల విషయంలో కొంత ఫలితం దక్కింది. కొత్త నాళాలు పుట్టకుండా ఆపే బెవాసిజుమాబ్‌ను 2004 నుంచే కీమోతో కలిపి వాడుతున్నారు.

ఇప్పుడైతే ఆ తండ్రికి ఇలా చెప్పేవాళ్లం: ఆ మూడు కీమోలు వృథా కాలేదు, చంపగలిగిన కణాలను చంపాయి. మిగిలినవి చాటు దొరికి బతికాయి. డాక్టర్లు మందు మార్చి రాయడం, ఖర్చు పెరగడం అందుకే.

ఇంకో మాట. మలంలో రక్తం పడితే మొలలేలే అని నెలల తరబడి నాటుమందు వాడేవారు మన ఇళ్లలో చాలామంది. పేగు గోడ దాటని మొదటి దశలోనే బయటపడితే సాధారణంగా ఆపరేషన్ ఒక్కటే సరిపోతుంది, కీమో అవసరమే రాదు.